పాత డెస్క్‌టాప్‌కు ఏ ఫ్రీ క్లీనర్ వేయాలి? ముందు డిస్క్ సంగతి చూడండి

అచ్చంపేట తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. 2016లో కొన్న డెస్క్‌టాప్, ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేస్తే గిరాకీ వచ్చి నిలబడ్డా బ్రౌజర్ తెరుచుకోదు. వీడియోలు చూసి, చెత్త తీసి స్పీడ్ పెంచుతామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు రెండు వేస్తే ఇంకా నెమ్మదించింది. దానికి తోడు విండోస్ 10 బంద్ అయిందని అందరూ భయపెడుతున్నారు. ఏ ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, లేకపోతే కొత్తదే కొనాలా అని ప్రశ్న.

నేరుగా చెప్తాను. క్లీనర్ ఏదీ వద్దు, వేసిన రెండూ తీసేయండి. కొత్త కంప్యూటర్ కూడా ఇప్పుడే కొనొద్దు. మీరు రాసిన లక్షణాలన్నీ హార్డ్‌డిస్క్ మీదికే పోతున్నాయి. ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని వేగమైన డిస్క్), కుదిరితే ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి. ఆ డబ్బు వృథా పోదు. మీ షాపు పనికి కావలసిన మిగతా సాఫ్ట్‌వేర్ అంతా ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుంది. అందులో చాలా భాగం విండోస్‌లోనే ఉంది, మనం తెరిచి చూడం అంతే.

నేను దేవరకొండలో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను. చుట్టుపక్కల జిరాక్స్ షాపులు, ఎరువుల దుకాణాలు, ఫోటో స్టూడియోలు, ప్రైవేటు బడుల సిస్టమ్‌లు నా టేబుల్ మీదికి వస్తుంటాయి. కింద రాసేదంతా వాటి మీద పని చేసి చూసిందే.

డిస్క్ బతికే ఉందా, పోయే దారిలో ఉందా?

ఇది ఈరోజు షాపు మూసేలోపే చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. స్టాండర్డ్ ఎడిషన్‌లో జిప్ ఫైలు తీసుకుంటే ఇన్‌స్టాల్ చేసే పని కూడా ఉండదు, విప్పి నడపడమే. తెరవగానే డిస్క్ ఆరోగ్యం రంగులో చూపిస్తుంది. నీలం అయితే బాగుంది, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే వెంటనే డేటా కాపీ చేసుకోవాలి.

రంగు ఒక్కటే చూసి ఆగొద్దు. కింద జాబితాలో 05, సీ5, సీ6 అనే వరుసలు ఉంటాయి. 05 అంటే పాడైన చోట్లను డిస్క్ పక్కన పెట్టి, తన దగ్గరున్న స్పేర్ చోట్లు ఎన్ని వాడుకుందో చెప్పే లెక్క. సీ5 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టిన చోట్లు. సీ6 అంటే సరిచేయలేకపోయినవి. రా వాల్యూస్ అనే నిలువు వరుసలో ఈ మూడూ సున్నా ఉండాలి. ముఖ్యంగా సీ5 సున్నా కాకుండా, రోజురోజుకూ పెరుగుతోందంటే ఆ డిస్క్‌ను నమ్మొద్దు. విండోస్ నిలిచిపోయినట్టు అనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. పాడైన చోటును డిస్క్ మళ్లీ మళ్లీ చదవబోతుంది, అది తేలేదాకా మనం తెర వైపు చూస్తూ కూర్చుంటాం.

ఇంకొక వరుస సీ7. అది పెరుగుతుంటే తప్పు ఎక్కువగా డిస్క్‌ది కాదు, డిస్క్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న సాటా కేబుల్‌ది. కేబుల్ మారిస్తే సరిపోతుంది. పాత సీ7 అంకె మాత్రం తగ్గదు, పెరగడం ఆగుతుంది. హాలియా నుంచి ఒక బడి సిస్టమ్ ఇలాగే వచ్చింది. ఎక్కడో ఒక షాపులో డిస్క్ పోయింది మార్చాలని చెప్పి పంపారట. కేబుల్ మారిస్తే అదే డిస్క్ మళ్లీ పని చేసింది. చిన్న అంకె చూడకపోతే పేద బడి మీద పెద్ద ఖర్చు పడేది, అందుకే ఈ సంగతి ఇంత వివరంగా రాస్తున్నాను.

పసుపో ఎరుపో కనిపిస్తే మిగతా చిట్కాలన్నీ పక్కన పెట్టి, షాపు ఫైళ్లు ముందు ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేయండి. అలాంటి డిస్క్ మీద డీఫ్రాగ్ (ఫైళ్ల ముక్కలు ఒకచోట సర్దడం), గంటల తరబడి నడిచే స్కాన్‌లు అస్సలు పెట్టొద్దు. ఉన్న కొద్దిపాటి ఊపిరి వాటికే ఖర్చైపోతుంది.

ఏది నెమ్మదిస్తోందో కళ్లతో చూడండి

డిస్క్ నీలంలో ఉందనుకుందాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కింద మోర్ డీటెయిల్స్ అని ఉంటే నొక్కండి. పొద్దున ఆన్ చేసిన వెంటనే ఇది తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్ నిలువు వరుసలు చూడండి. డిస్క్ 100 శాతం దగ్గర ఎర్రగా నిలబడి, సీపీయూ తక్కువలో ఉంటే రోగం డిస్క్‌దే. మెమరీ 90 దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదు. మీ కాన్ఫిగరేషన్‌లో రెండూ కనిపించే అవకాశం ఎక్కువ. ర్యామ్ నిండితే విండోస్ మిగిలిన భారాన్ని డిస్క్ మీదికి తోస్తుంది, అసలే నెమ్మదైన డిస్క్ అప్పుడు ఇంకా కూలబడుతుంది.

అందులోనే స్టార్టప్ ట్యాబ్ ఉంది. ఆన్ చేయగానే మన ప్రమేయం లేకుండా మొదలయ్యేవన్నీ అక్కడ కనిపిస్తాయి. ప్రింటర్ కంపెనీ అప్‌డేటర్, మీటింగ్ యాప్‌లు, టోరెంట్, పాత ఫోన్ కనెక్ట్ చేసే సాఫ్ట్‌వేర్, మీరు వేసిన ఆ క్లీనర్లు. వీటిని రైట్ క్లిక్ చేసి డిసేబుల్ చేయండి. డిసేబుల్ చేస్తే సాఫ్ట్‌వేర్ పోదు, మీరు పిలిచినప్పుడు మాత్రమే వస్తుంది. వేలిముద్ర పరికరం సర్వీసు, సౌండ్, విండోస్ సెక్యూరిటీ ఈ మూడింటి జోలికి మాత్రం పోకండి.

పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే అప్ టైమ్ అని ఉంటుంది. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే మనిషికి కూడా అక్కడ రోజుల తరబడి లెక్క కనిపిస్తుంది. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉండడమే దీనికి కారణం. షట్‌డౌన్ నొక్కినా విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని మరునాడు అదే తీసి వాడుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. వారానికోసారి షాపు మూసే ముందు రీస్టార్ట్ చేసి, ఆ తర్వాత షట్‌డౌన్ చేయండి. ప్రింటర్ గుర్తించకపోవడం, స్కానర్ పలకకపోవడం లాంటి చిల్లర బాధలు చాలా తగ్గుతాయి.

క్లీనర్లు ఎందుకు వద్దంటున్నాను?

రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగులు రాసుకునే పట్టిక, శుభ్రం చేస్తే స్పీడ్ పెరుగుతుందనేది పాత నమ్మకం. రిజిస్ట్రీలో కొన్ని పనికిరాని వరుసలు మిగిలినంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు, తీసేసేటప్పుడు పనికొచ్చేది పోతే మాత్రం ఏదో ఒక సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్పింది. పైగా ఈ క్లీనర్ కూడా స్టార్టప్‌లో కూర్చుని, ఉన్న 4 జీబీలో తన వాటా తింటుంది.

పేరున్నది వేసుకుంటే భయం లేదనుకుంటారు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దుండగులు మాల్‌వేర్ చొప్పించారు. అది దొంగ సైటులో దొరికింది కాదు, అసలు సైటులోనే జనం దించుకున్నది. తర్వాత దాన్ని సరిచేశారు, అది వేరే మాట. కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను అవసరం లేకుండా ఇంట్లోకి పిలవొద్దని చెప్పడానికే ఇది గుర్తు చేస్తున్నాను.

చోటు కావాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లండి. టెంపరరీ ఫైల్స్ అక్కడే తీసేయొచ్చు. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, గిరాకీ ఫైళ్లు అందులో ఉంటే టిక్ పెట్టకండి. ఇంకా ఎక్కడ నిండిందో తెలియకపోతే విన్‌డిర్‌స్టాట్ వేయండి, ఏ ఫోల్డర్ ఎంత తింటోందో రంగుల గడుల్లో చూపిస్తుంది. జిరాక్స్ షాపుల్లో దాదాపు ప్రతిసారీ దొరికే దొంగలు ఇద్దరే, వాట్సాప్ నుంచి దించిన ఫైళ్లు, 600 డీపీఐలో చేసి మరిచిపోయిన స్కాన్‌లు.

అలాగే డ్రైవర్ అప్‌డేటర్, గేమ్ బూస్టర్, ర్యామ్ క్లీనర్ పేర్లతో వచ్చేవన్నీ వదిలేయండి. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే అదీ తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ షాపు పనికి సరిపోతుంది. యాంటీవైరస్‌లు రెండు పెడితే రెట్టింపు రక్షణ రాదు. ప్రతి ఫైలునూ ఇద్దరూ తనిఖీ చేస్తారు, అంతే.

ఎస్‌ఎస్‌డీ వేయించే పద్ధతి

హార్డ్‌డిస్క్‌లో తిరిగే పళ్లెం, దాని మీద కదిలే ముల్లు ఉంటాయి. అక్కడక్కడా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు సుమారు వంద సార్లే వెతికి తీయగలదు. విండోస్ మొదలవ్వడానికి చదవాల్సిన చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటాయి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగం లేదు, అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది. పాత సిస్టమ్‌కు ఇంత తేడా ఇచ్చే భాగం ఇంకొకటి లేదు. నా దగ్గరికి వచ్చే పాత మెషిన్లలో మదర్‌బోర్డు బాగున్న ప్రతిదానికీ మొదట చెప్పేది ఇదే.

మీ మెషిన్‌కు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఎలాగూ పడుతుంది. పాత 1 టీబీ డిస్క్‌ను తీసేయకుండా డేటా కోసం రెండోదిగా ఉంచుకోవచ్చు. విండోస్‌ను పాత డిస్క్ నుంచి కాపీ కొట్టడం కంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే నా సలహా. క్లోనింగ్ చేసే ఉచిత సాధనాల్లో కొన్నింటికి కొత్త డిస్క్ పాతదానంతైనా ఉండాలి, 1 టీబీని 256లోకి తేవడం తలనొప్పి. పైగా పేరుకున్న చెత్త కూడా వెంట వస్తుంది. అసలు విండోస్ ఉన్న మెషిన్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ వేసి ఇంటర్నెట్ ఇస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకి ఉంచమనండి. లేకపోతే విండోస్‌ను మొదలుపెట్టే బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లో కూర్చుని, రేపు అది పోయిన రోజు కొత్తది కూడా లేవదు.

ర్యామ్ కొనే ముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ మీద నొక్కి, స్లాట్స్ యూజ్డ్ ఎన్నో చూడండి. రెండింటిలో ఒకటి వాడుతుంటే ఖాళీ ఉన్నట్టే. ఆరో తరం బోర్డుల్లో కొన్నింటికి డీడీఆర్3, కొన్నింటికి డీడీఆర్4 రకం ర్యామ్ పడుతుంది, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పేస్తుంది. అది ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్తే షాపులో మాట్లాడడం సులువు.

మన వైపు వచ్చే ప్రత్యేకమైన బాధలు

వీటికి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు, అయినా జనం సాఫ్ట్‌వేర్లు వేసి చూస్తూ నెలలు గడుపుతారు.

మొదటిది తేదీ. కొండమల్లేపల్లిలో ఒక ఎరువుల దుకాణం ఆయనకు ఏ ప్రభుత్వ సైటూ తెరుచుకోవడం లేదు, కనెక్షన్ సురక్షితం కాదని వస్తోంది. విండోస్ పోయిందని ఎవరో చెప్పారు, ఫార్మాట్ చేయించుకోవడానికి సీపీయూ తలకెత్తుకుని వచ్చాడు పాపం. చూస్తే కంప్యూటర్‌లో తేదీ ఎన్నో ఏళ్ల వెనక ఉంది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల భద్రతా సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. సెల్ మార్చి, టైమ్ సరిచేస్తే అయిపోయింది. మీది 2016 మెషిన్, ఇంకా మార్చకపోతే ఈసారి విప్పినప్పుడే మార్పించండి.

రెండోది ఎండ, దుమ్ము. మనకు వేసవిలో 44 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. రోడ్డు పక్క రేకుల షాపులో పెట్టిన క్యాబినెట్ లోపల ఎంత వేడి ఉంటుందో ఊహించుకోండి. ప్రాసెసర్ మరీ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం మాత్రమే నెమ్మదించి పొద్దున బాగుంటే ఇదే అనుమానించాలి. లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ అనే ఉచిత సాధనం వేడి ఎంతో చూపిస్తుంది. పనిలో ఉన్నప్పుడు 90 దగ్గర తిరుగుతుంటే ఫ్యాన్ కింది దుమ్ము తీయించి, థర్మల్ పేస్ట్ కొత్తది పెట్టించండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే మరీ వేగంగా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. కరెంటు తీగ పీకి ఉంచాలని వేరే చెప్పక్కర్లేదు.

మూడోది కరెంటు. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలే కాదు, కొన్నిసార్లు డిస్క్ పట్టికే చెడుతుంది. యూపీఎస్ ఉందని ధీమా వద్దు. నెలకోసారి గిరాకీ లేని వేళ, పనులన్నీ సేవ్ చేసి, ప్లగ్ తీసి చూడండి. షట్‌డౌన్ అయ్యేంత సేపు నిలబడకపోతే బ్యాటరీ మార్చాల్సిందే. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు కలపకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటును చిన్న యూపీఎస్ మోయలేదు.

షాపు పనికి నేను వేసే ఉచిత సాఫ్ట్‌వేర్

ఒక మాట ముందు తెలుసుకోండి. ఫ్రీ అని ఉన్నదల్లా షాపుకు ఫ్రీ కాదు. కొన్ని ఇంట్లో వాడుకోవడానికే ఉచితం. ఉదాహరణకు ఇర్ఫాన్‌వ్యూ చాలా మంచి ఫోటో సాఫ్ట్‌వేర్, కానీ వ్యాపారానికి వాడితే డబ్బు కట్టాలి. కింద చెప్పేవి షాపులో కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

వెతకడానికి ఎవ్రీథింగ్. దాని పేరే అది. ఫైలు పేరులో రెండు అక్షరాలు కొట్టేసరికి జాబితా వచ్చేస్తుంది. విండోస్ డిస్క్‌లో ఫైళ్ల పేర్లన్నీ ఉండే పట్టికను నేరుగా చదువుతుంది కాబట్టి అంత వేగం. పోయిన సంవత్సరం వచ్చిన మనిషి మళ్లీ వచ్చి అదే సర్టిఫికెట్ కావాలంటే క్షణంలో తీసి ఇస్తారు. దీనికి ఫైళ్లకు పేర్లు పెట్టే అలవాటు ఉండాలి. స్కాన్001 అని వదిలేస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు. పేరు, ఊరు, పత్రం రకం ఈ మూడూ పెట్టండి.

స్కానింగ్‌కు నాప్స్2. స్కానర్‌తో వచ్చే బరువైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పేజీలు వరుసగా స్కాన్ చేసి, అటూ ఇటూ మార్చుకుని ఒకే పీడీఎఫ్‌గా సేవ్ చేయొచ్చు. మామూలు పత్రాలకు 200 డీపీఐ, గ్రే రంగు చాలు. ఇలా చేస్తే ఫైలు మొదటే చిన్నదిగా వస్తుంది, తర్వాత కుదించే పనే పడదు.

పీడీఎఫ్‌లు కలపడానికి, విడదీయడానికి, సైజు తగ్గించడానికి పీడీఎఫ్24 క్రియేటర్. ఇక్కడ కాస్త గట్టిగా చెప్తున్నాను. మన షాపుల్లో చాలామంది ఫైలు సైజు తగ్గించడానికి గూగుల్‌లో వెతికి, మొదట కనిపించిన సైటులో గిరాకీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ అప్‌లోడ్ చేస్తున్నారు. ఆ సైటు ఎవరిదో, ఫైలును ఏం చేస్తుందో మనకు తెలియదు. ఆ మనిషి మనల్ని నమ్మి కాగితం చేతికిచ్చాడు. కంప్యూటర్‌లో వేసుకునే క్రియేటర్‌తో అయితే ఫైలు షాపు దాటి పోదు, ఇంటర్నెట్ లేకపోయినా పని అవుతుంది.

అదే లెక్కన రోజూ షాపు మూసే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో గిరాకీ పత్రాలు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. గిరాకీ మెయిల్ తెరవాలంటే బ్రౌజర్‌లో గెస్ట్ విండో తెరిచి ఇవ్వండి, మూసేయగానే పాస్‌వర్డ్ గుర్తులేవీ మిగలవు. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని బ్రౌజర్ అడిగితే ఎప్పుడూ వద్దనే నొక్కాలి. ఆధార్ కాపీ అవసరమైన చోట మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైటులోనే దొరుకుతుంది, అది ఒప్పుకునే చోట అదే దించి ఇవ్వండి.

ఫోటో, సంతకం సైజుల గొడవకు కొత్త సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. పోటీ పరీక్షల దరఖాస్తులో ఫోటో 50 కేబీ లోపు అంటే చాలామంది క్వాలిటీ తగ్గిస్తారు, ముఖం మసకబారి దరఖాస్తు వెనక్కి వస్తుంది. తగ్గించాల్సింది ముందు కొలత. ఫోన్‌లో తీసిన ఫోటో అడ్డంగా మూడు నాలుగు వేల పిక్సెళ్లు ఉంటుంది. 3.5, 4.5 సెంటీమీటర్ల పాస్‌పోర్ట్ ఫోటో 300 డీపీఐలో 413, 531 పిక్సెళ్లు, అంతే. మొదట ఆ నిష్పత్తికి క్రాప్ చేసి, విండోస్‌లోని పెయింట్‌లో రీసైజ్ నొక్కి, పిక్సెల్స్ ఎంచుకుని ఆ అంకెలు ఇచ్చి జేపీజీగా సేవ్ చేస్తే సైజు దానంతటదే బాగా పడిపోతుంది, ముఖమూ స్పష్టంగా ఉంటుంది. ఇంకా కొన్ని కేబీలు తగ్గాలంటే గింప్ అనే ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు షో ప్రివ్యూకు టిక్ పెట్టి క్వాలిటీ జరుపుతుంటే ఫైలు సైజు ఎంతవుతుందో పక్కనే చూపిస్తుంది.

తెలుగు టైపింగ్ గురించి మీరు అడగలేదు, కానీ జిరాక్స్ షాపుకు అది లేకుండా గడవదు. 2019 నుంచి వచ్చిన విండోస్ 10 వెర్షన్లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాల్లో పలికినట్టు కొడితే తెలుగు వచ్చేది) లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ దగ్గర తెలుగు కలిపి, దాని ఆప్షన్స్‌లో ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ నొక్కితే భాష మారుతుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన అర్జీ ఇంకొకరి కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది, అన్ని కంప్యూటర్లకూ ఫోన్లకూ ఉమ్మడి అయిన యూనికోడ్‌లో కొట్టింది ఫోన్‌లోనైనా చదవొచ్చు. మండలి, రామభద్ర, సూరన్న లాంటి మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి. పెళ్లి పత్రికల పని ఉంటే పాత ఫాంట్లు కూడా ఉంచుకోండి, కాదనను. అర్జీలు, అఫిడవిట్లు మాత్రం యూనికోడ్‌లోనే కొట్టండి.

మిగతావి ఒక్క మాటలో. ఆఫీసు పనికి లిబ్రేఆఫీస్, జిప్ ఫైళ్లకు సెవెన్‌జిప్, వీడియోలకు వీఎల్‌సీ, పీడీఎఫ్ తేలికగా తెరవడానికి సుమాత్రా. విండోస్ కీ, వి నొక్కితే ఈ మధ్య కాపీ చేసినవి జాబితాగా వస్తాయి. దరఖాస్తులు నింపేవాళ్లకు ఇది వరం, మొదటిసారి మాత్రం టర్న్ ఆన్ నొక్కాలి. అందులో గిరాకీ వివరాలు కూడా నిలిచి ఉంటాయి కాబట్టి సాయంత్రం క్లియర్ ఆల్ నొక్కండి.

దించేటప్పుడు, క్రాక్‌ల విషయంలో

గూగుల్‌లో పేరు కొట్టగానే పైన స్పాన్సర్డ్ అని వచ్చేది నొక్కొద్దు, పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బటన్లు చాలావరకు ప్రకటనలే. కుడి మూలన మీ కంప్యూటర్‌లో వైరస్ ఉందంటూ కార్డులు వస్తుంటే భయపడకండి. ఏదో సైటులో అలౌ నొక్కినందుకు వచ్చే నోటిఫికేషన్లు అవి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌కు వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేయండి, అక్కడితో ఆగిపోతాయి. అందులో ఉన్న నంబర్‌కు ఎప్పుడూ ఫోన్ చేయొద్దు.

క్రాక్, అంటే డబ్బు కట్టకుండా లైసెన్స్ తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్, మాత్రం దగ్గరికి రానివ్వకండి. నాగర్‌కర్నూల్ వైపు నుంచి ఒక ఫోటో స్టూడియో తమ్ముడు డిస్క్ పట్టుకొచ్చాడు. ఆల్బమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు క్రాక్ వేశాడు, తెల్లారేసరికి ఫోటోల పేర్ల చివర ఏవో అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో డాలర్లు కట్టమనే చీటీ. ఎక్స్‌టర్నల్ డిస్క్ కూడా తగిలించే ఉంచాడు కాబట్టి బ్యాకప్ కూడా లాక్ అయింది. ఆ పెళ్లిళ్ల ఫోటోలు తిరిగి రాలేదు. అతని ముఖం చూసినప్పటి నుంచి క్రాక్ వేసి ఇమ్మని ఎవరు అడిగినా నేను వేయను.

అందుకే మీ బ్యాకప్ డిస్క్ కాపీ చేసేటప్పుడు మాత్రమే తగిలించండి. ఫైళ్లు సింక్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఫోల్డర్ ఒకసారి చూపిస్తే మారిన ఫైళ్లు మాత్రమే కాపీ చేస్తుంది. వారానికోసారి చాలు. కాపీ అవగానే పీకి ఇంటికి తీసుకుపోండి.

విండోస్ 10 సంగతి

బంద్ అయిందంటే కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. 2025 అక్టోబర్ 14తో మామూలు భద్రతా అప్‌డేట్‌లు ఆగాయి. మీది 22హెచ్2 వెర్షన్ అయితే సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో పొడిగింపుకు నమోదు చేసుకునే లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్‌లు వస్తాయి. ముందు ఇది చేయండి.

విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. మీ ఆరో తరానికి అది అధికారికంగా రాదు. రూఫస్ అనే సాధనంతో ఈ తనిఖీ దాటవేసి వేసేవాళ్లు ఉన్నారు, పని చేస్తుంది కూడా. కానీ అప్‌డేట్‌లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పింది కాబట్టి షాపు మెషిన్‌లో నేను వేయను. విండోస్ బదులు వేసుకునే ఉచిత లైనక్స్ మింట్ మంచిది, పాత మెషిన్ల మీద తేలికగా నడుస్తుంది. పిల్లల చదువుకు, బ్రౌజింగ్‌కు నేను ధైర్యంగా వేసిస్తాను. మీ షాపుకు మాత్రం వద్దంటాను. వేలిముద్ర పరికరాల సర్వీసులు చాలావరకు విండోస్, ఆండ్రాయిడ్‌లకే ఉన్నాయి, డిజిటల్ సంతకం టోకెన్లతో కూడా లైనక్స్‌లో తిప్పలే.

పొడిగింపు అయిపోయేలోపు డబ్బు సమకూరితే ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాప్ చూసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అలాంటివి దొరుకుతాయి. ఐ5 అంటే సరిపోదు, తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-8500లో 8 అంటే ఎనిమిదో తరం, ఐ5-6500 అంటే మీ దగ్గరున్న తరమే. ఇప్పుడు కొనే ఎస్‌ఎస్‌డీ అందులోకి మార్చుకోవచ్చు, ర్యామ్ డీడీఆర్4 అయితే అదీ చాలావరకు పనికొస్తుంది.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ రెండూ ఫోటో తీసి ఇక్కడే పెట్టండి తమ్ముడూ. సీ5 సున్నా కాకపోతే ఎస్‌ఎస్‌డీ తెచ్చేదాకా ఆగకుండా ఫైళ్లు ఈరోజే కాపీ చేసుకోండి. ర్యామ్ ఏది పడుతుందో ఆ ఫోటో చూసి చెప్తాను.